వచ్చేది ఎవరు?

1948 సెప్టెంబర్ 17, రాత్రి. నిజామాబాద్ జిల్లా రెంజల్‌లో తలుపులన్నీ పడ్డాయి. తెల్లారితే భాద్రపద పున్నమి. మబ్బు విచ్చినప్పుడల్లా చెరకు మడులు తెల్లగా మెరుస్తున్నాయి. కుక్క మొరిగితే చాలు, లోపల దీపం ఆరిపోతోంది. వచ్చేది నిజాం తరఫు సాయుధ రజాకార్లా? మిలిట్రీయా?

నాలుగు రోజులుగా ఇదే గుబులు. 13న తెల్లవారుజామున భారత యూనియన్ సైన్యం షోలాపూర్ వైపు నుంచి నల్‌దుర్గ్ దగ్గర సరిహద్దు దాటింది. బోధన్ నుంచి వచ్చిన మనిషి ఒకటి చెబితే, అది వాకిలి దాటి, బావి గట్టెక్కి, చెరకు గట్ల వెంట పరుగెత్తి, వాడకట్టు చివరికి చేరేసరికి పది టాంకులు వంద టాంకులయ్యేవి.

"ఇండ్లను తొక్కుకుంట వస్తయంట!"

"తొక్కేది రజాకార్లనేనే. మనల గాదు."

"వాండ్లకు మన మాట రాదు గదా అవ్వా! మనమెవరమో ఎట్ల తెలుస్తది?"

అవ్వ దగ్గర జవాబు లేదు.

వాళ్లకు ఆ యూనియన్ సిపాయి నిజంగానే పరదేశి. నిజాం ఏలే హైదరాబాద్ సంస్థానానికి సొంత రైలు, సొంత తపాలా, సొంత హాలీ సిక్కా రూపాయి. నిరుడు ఆగస్టు 15న అవతల మూడు రంగుల జెండా ఎగిరింది. ఇక్కడ అది పట్టుకుంటే జైలే.

ఆ సాయంత్రమే రేడియోలో నిజాం మాట్లాడాడు. కాల్పుల విరమణ. రజాకార్ల మీద నిషేధం. రేడియో లేని ఇళ్లలో మాత్రం గొళ్లేలు తీయలేదు. కబురు నిజమో, బయటికి రప్పించే ఎత్తుగడో!

18న సాయంత్రం నిజాం సేనాని ఎల్ ఎద్రూస్ యూనియన్ సైన్యపు మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయాడు. ఐదు రోజుల్లో యుద్ధం ఖతం. జనం ఊపిరి పీల్చుకున్నారు. కానీ రెంజల్ పక్కనే కందకుర్తి. గోదావరి, మంజీర, హరిద్ర కలిసే చోటు. ఏరు దాటితే నాందేడ్ జిల్లా.

అక్కడ పగ లేచింది. రజాకార్లు చేసిన దానికి, వాళ్లతో ఏ సంబంధమూ లేని ముస్లిం ఇళ్లు బలయ్యాయి. నవంబర్ చివర్లో పండిట్ సుందర్‌లాల్ బృందం ఢిల్లీ నుంచి వచ్చి ఊరూరా తిరిగింది. ఎక్కువ నష్టపోయినవిగా నాలుగు జిల్లాలను తేల్చింది: ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. రాష్ట్రం మొత్తమ్మీద చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల మంది ఉంటారని అంచనా వేసింది. కొన్నిచోట్ల సిపాయిల చెయ్యి కూడా ఉందని రాసింది.

మిలిట్రీ రాకను చెప్పే కథలు చాలావరకు ఇక్కడిదాకా రావు, లొంగుబాటు దగ్గరే ఆగిపోతాయి. సుందర్‌లాల్ నివేదికనూ ప్రభుత్వం దశాబ్దాల పాటు బయటపెట్టలేదు.