క్వీన్స్ హాలులో ఒక సాయంకాలము

పాశ్చాత్య వాద్యబృందపు కచేరికి వచ్చువారు ఆ సాయంకాలము మ్రోగిన నాదమునే విందురు గాని, దాని వెనుక గడచిన రిహార్సలు గంటలను తలపరు. ఆ గంటలు కొరవడినచో మహాకృతి సైతము ఎట్లు తలవంచవలసివచ్చునో తెలిసికొనుటకు, స్వరకర్త ఎడ్వర్డ్ ఎల్గార్ రచించిన చెల్లో కన్చెర్టో (ఏకవాద్యమునకు బృందము తోడుగా మ్రోగు కృతి) చరిత్ర మొక్కటి చాలును.

మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన మరుసటి యేట, ససెక్సు అడవులలోని బ్రింక్‌వెల్స్ అను కుటీరమున, 62 ఏండ్ల వయస్సున ఎల్గార్ ఈ కృతిని పూర్తిచేసెను. చెల్లోది గంభీరమైన మంద్రస్వరము. నిండు బృందము ఒక్కుమ్మడిగా మ్రోగినచో అది అణగిపోవును గావున, ఆయన తక్కిన వాద్యములను మిక్కిలి మితముగా వాడెను. ఆరంభమున ఏకవాదకుడు తంతులన్నిటి మీదుగా కమానును లాగి, బరువైన స్వరసంపుటులను పలికించును. కొంతసేపటికి వయోలాలు మాత్రమే, తోడేదియు లేక, ప్రధానగీతము నెత్తుకొనును. ఇట్టి పలుచని అల్లికలో ఒక్క వాద్యము తడబడినను, ఆ తడబాటు దాగుటకు చోటుండదు.

1919 అక్టోబరు 27వ తేదీ సాయంకాలము, లండను క్వీన్స్ హాలులో, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో ఫీలిక్స్ సాల్మండ్ దీనిని తొలిసారి వాయించెను. ఎల్గార్ తానే బృందమును నడిపెను. తక్కిన కార్యక్రమమునకు నిర్దేశకుడైన ఆల్బర్ట్ కోట్స్ రిహార్సలునందు తన వేళను దాటి, ఎల్గారునకు చెందిన కాలమును గూడ హరించెను. కృతిని ఉపసంహరించుకొనవలెనని తలచియు, ఎంతయో శ్రమించి సిద్ధమైన సాల్మండ్ ముఖము చూచి ఎల్గార్ మిన్నకుండెను. ప్రదర్శనము విఫలమయ్యెను. విమర్శకుడు ఎర్నెస్ట్ న్యూమన్ బృందపు వాదనమును తీవ్రముగా నిందించి, కృతి సౌందర్యమును మాత్రము గుర్తించెను.

ఆ రాత్రి చెల్లో వాదకుల నడుమ కూర్చుండిన యువకులలో జాన్ బార్బిరోలీ ఒకడు. 1965లో అతడే నిర్దేశకుడై, అదే ఆర్కెస్ట్రాతో, 20 ఏండ్ల జాక్విలిన్ డు ప్రే వాదనమును రికార్డు చేయించగా, కృతికి విశ్వవ్యాప్తమైన కీర్తి కలిగెను. క్వీన్స్ హాలు 1941లో జర్మను బాంబులకు ఆహుతియైనను, అందు అవమానితమైన కృతి నేడు చెల్లో అభ్యసించువారికి నిత్యపాఠ్యమై నిలిచినది. నూతనకృతికి చాలినంత సాధనకాలము నీయక, తొలి ప్రదర్శనమును బట్టి దాని గుణదోషములను నిర్ణయించు అధికారము ఏ సభకును లేదు.