తులసీదాస్ బలరాం

తులసీదాస్ బలరాం (1936 - 2023 ఫిబ్రవరి 16) భారతదేశానికి చెందిన సుప్రసిద్ధ ఫుట్‌బాల్ క్రీడాకారుడు. సికింద్రాబాదులో పుట్టి రెండు ఒలింపిక్ క్రీడల్లో పాల్గొన్న ఇతడు 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణపతకం సాధించిన భారత జట్టు సభ్యుడు. చునీ గోస్వామి, పి.కె.బెనర్జీ, బలరాంలను భారత ఫుట్‌బాల్ చరిత్రలో ముగ్గురు మేటి ఫార్వర్డులుగా పేర్కొంటారు.

బాల్యం

బలరాం సికింద్రాబాదులో, మెట్టుగూడకు ఉత్తరంగా ఉన్న అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో జన్మించాడు. కంటోన్మెంటులోని సైనిక దళాల వలన ఈ ప్రాంతంలో ఫుట్‌బాల్ బాగా వ్యాపించింది. హైదరాబాదులో రైడర్స్ క్లబ్బుకు ఆడాడు. ప్రఖ్యాత శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం ఇతని ప్రతిభను గుర్తించి ప్రోత్సహించాడు. 1956-57, 1957-58 సంవత్సరాల్లో సంతోష్ ట్రోఫీ గెలిచిన హైదరాబాదు జట్టులో బలరాం సభ్యుడు.

కలకత్తాలో

ఆ రోజుల్లో భారతదేశంలో ఫుట్‌బాల్ అధికారికంగా అమెచ్యూర్ క్రీడయే. ఆటగాళ్ళకు జీవనాధారం రైల్వేలు, పోలీసు వంటి శాఖలలో లభించే ఉద్యోగమే. 1957లో బలరాం కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరాడు. 1961లో ఇతని నాయకత్వంలో ఆ క్లబ్బు కలకత్తా లీగును గెలుచుకొని, ఐ.ఎఫ్.ఏ. షీల్డులో మోహన్ బగాన్‌తో కలసి సంయుక్త విజేతగా నిలిచింది. 1958-59లో సంతోష్ ట్రోఫీ గెలిచిన బెంగాల్ జట్టులోనూ బలరాం ఆడాడు. 1963లో రైల్వే జట్టయిన బి.ఎన్.ఆర్.లో చేరాడు.

అంతర్జాతీయ పోటీలు

* 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్: భారత జట్టు నాలుగవ స్థానం పొందింది.
* 1958 టోక్యో ఆసియా క్రీడలు: నాలుగవ స్థానం.
* 1960 రోమ్ ఒలింపిక్స్: హంగరీపై 1-2, పెరూపై 1-3 తేడాతో భారత్ ఓడిపోయింది. ఈ రెండు ఆటల్లోనూ భారత్ చేసిన ఏకైక గోలు బలరాందే. హంగరీ ఆ పోటీల్లో కాంస్యపతకం సాధించింది. ఫ్రాన్సుతో ఆట 1-1తో సమమైంది.
* 1962 జకార్తా ఆసియా క్రీడలు: ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్ స్వర్ణపతకం గెలుచుకొంది. ఆ జట్టుకు శిక్షకుడు రహీం. హైదరాబాదు నుండి వచ్చిన పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్ కూడా అందులో సభ్యులు.

బలరాం ఇన్‌సైడ్ ఫార్వర్డుగానూ, వింగరుగానూ ఆడగల సమర్థుడు. గోళ్ళు చేయడంతో పాటు సహచరులకు అవకాశాలు కల్పించడంలోనూ నేర్పరి.

విరమణ, గుర్తింపు

1963లో ఊపిరితిత్తుల వ్యాధి కారణంగా, 27 ఏళ్ళ వయసుకే బలరాం ఆట నుండి విరమించవలసి వచ్చింది. అప్పటికి అంతర్జాతీయ రంగంలో ప్రవేశించి ఏడేళ్ళే అయింది. తరువాత యువ ఆటగాళ్ళకు శిక్షణ ఇచ్చాడు. జాతీయ సెలక్టరుగా కూడా పనిచేశాడు.

1962లో అర్జున అవార్డు లభించింది. సహచరులైన గోస్వామికి 1983లో, బెనర్జీకి 1990లో పద్మశ్రీ లభించగా, బలరాంకు మాత్రం జీవితాంతం ఏ పద్మ పురస్కారమూ దక్కలేదు. పశ్చిమ బెంగాల్‌లోని హుగ్లీ జిల్లా ఉత్తరపారాలో నివసించిన ఇతడు 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో 86వ ఏట మరణించాడు.