ఏ డిస్కు వేసినా ఆడే పెట్టె

1996 నవంబరులో జపాన్ దుకాణాలకు తొలి డీవీడీ ప్లేయర్లు వచ్చాయి. అప్పటికి అది డబ్బున్నవాళ్ల సరదా. పదేళ్లు తిరిగేసరికి హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి బజార్లలో రెండు వేల రూపాయలు అటూ ఇటూగా పెడితే ఒక ప్లేయరు చేతికొచ్చేది. చైనా కూలి చవక కాబట్టి ధర పడిపోయిందని తేల్చేయడం మనకు అలవాటు. అది అబద్ధం కాదు గానీ, అంతటితో కథ పూర్తికాదు. ధర తగ్గడం ఒక ఎత్తు, ఆ ధరకు వచ్చిన వస్తువు అక్కరకు రావడం మరో ఎత్తు. కొద్ది డబ్బుతో కొనేవాడికి ప్లేయరు విలువ కంపెనీ పేరులోనూ, బొమ్మ నాణ్యతలోనూ ఉండేది కాదు. ఇంట్లో ఉన్న ప్రతి డిస్కునూ పేచీ పెట్టకుండా ఆడించడంలో ఉండేది. ఆ గుణం పెద్ద కంపెనీల ఖరీదైన సెట్లకన్నా ముందు చవక సెట్లకే అబ్బింది. అదెలా జరిగిందో చూస్తే, ఆనాటి కొనుగోలుదారుడు తెలివితక్కువగా బేరమాడలేదని అర్థమవుతుంది.

డీవీడీ మన ఇళ్లలోకి వచ్చేటప్పటికి అక్కడ వీసీడీ కాపురం ఉంది. 1993లో ప్రమాణాలు ఖరారైన వీసీడీ అమెరికాలో నిలదొక్కుకోలేదు గానీ చైనాలో, ఆగ్నేయాసియాలో, ఇండియాలో ఇంటింటికీ చేరింది. మామూలు సీడీ మీదే దాదాపు 74 నిమిషాల బొమ్మ పట్టేది. రెండున్నర గంటల తెలుగు సినిమాకు రెండు డిస్కులు, ఒక్కోసారి మూడు కావలసి వచ్చేవి. నడుమ లేచి డిస్కు మార్చుకోవాలి. అయినా వీడియో క్యాసెట్టుకు పట్టే బూజు దీనికి లేదు, టేపు చిక్కుకునే బాధ లేదు, అచ్చువేయడానికీ ఖర్చు తక్కువ. సినిమాలతో పాటు భక్తి పాటల ఎంపీత్రీలు, స్టూడియో వాళ్లు రాసిచ్చిన పెళ్లి సీడీలు అలమారలో పేరుకున్నాయి. కొత్త ప్లేయరు కొన్నంత మాత్రాన వీటిని ఎవరూ పారేయరు. పెళ్లి సీడీకి బదులు డీవీడీ ఏ దుకాణంలోనూ దొరకదు కదా!

చిక్కంతా ఇక్కడే వచ్చింది. డీవీడీని చదివేది సుమారు 650 నానోమీటర్ల ఎర్ర లేజరు. సీడీకి వాడేది 780 నానోమీటర్ల పరారుణ లేజరు. ఫ్యాక్టరీలో అచ్చైన సీడీని ఎర్ర లేజరు కూడా చదవగలదు. రాసుకునే సీడీలో మాత్రం రంగు పూత ఉంటుంది. ఆ పూత నుంచి ఎర్ర కాంతి తగినంతగా తిరిగి రాదు. అందువల్ల తొలినాటి ప్లేయర్లలో చాలావాటికి రాసిన సీడీ వేస్తే డిస్కు లేనట్టే లెక్క. రెండో లేజరు పెడితే సమస్య తీరుతుంది, కాకపోతే ఖర్చు. వీసీడీ మొహమే చూడని అమెరికా మార్కెట్టును లెక్కలో పెట్టుకున్న కంపెనీకి ఆ ఖర్చుకు తొందరేమీ లేదు. చైనా తయారీదారు సంగతి వేరు. అతని సొంత గిరాకీ అంతా వీసీడీల మీద బతికినదే. అచ్చైనవైనా, రాసినవైనా వాటిని ఆడించలేని పెట్టె అతని ఊళ్లోనే అమ్ముడుపోదు. అక్కడి అలమారా, మన అలమారా ఒకే తీరున ఉండటం మనకు కలిసొచ్చింది.

రెండో కారణం చిప్పు. తైవాన్‌లో 1997లో పుట్టిన మీడియాటెక్ లాంటి కంపెనీలు లేజరును నడిపే పనినీ, బొమ్మను విప్పే పనినీ క్రమంగా ఒకే చిప్పులోకి తెచ్చాయి. సర్క్యూటు నమూనా, సాఫ్ట్‌వేరు కూడా దానితోనే వచ్చేవి. చిన్న ఫ్యాక్టరీ కూడా ప్లేయరు తయారుచేయగలిగింది. అందరి పెట్టెలోనూ ఇంచుమించు ఒకే గుండె ఉన్నప్పుడు పోటీ ఎక్కడ? ఏమేం ఆడిస్తుందన్న జాబితాలో. అట్టపెట్టె మీద ఎంపీత్రీ, జేపెగ్, డివెక్స్, యూఎస్‌బీ అంటూ వరుసగా ముద్రలు పడటం వెనకున్న లెక్క ఇదే. ప్రాంతాల తాళం కూడా ఈ పోటీలోనే సడలింది. సినిమా కంపెనీలు ప్రపంచాన్ని విభజించి అమెరికాకు 1, జపాన్‌కూ ఐరోపాకూ 2, ఇండియాకు 5, చైనాకు 6 అని అంకెలిచ్చాయి. అమెరికా నుంచి కొడుకు తెచ్చిన హాలీవుడ్ డిస్కు ఇక్కడి ప్లేయరులో ఆడకూడదన్నది నియమం. 2000లో అమెరికాలో అమ్ముడైన ఎపెక్స్ ఏడీ-600ఏ అనే చవక చైనా సెట్టులో ఆ తాళాన్ని తీసేసే రహస్య మెనూ బయటపడి గగ్గోలైంది. ఇలాంటి సెట్లు అటు అమెరికా పద్ధతైన ఎన్‌టీఎస్‌సీ డిస్కునూ, ఇటు మన పద్ధతైన పాల్ టీవీనీ కలిపి నడిపించేవి. రెండు దేశాల మధ్య డిస్కులు చేతులు మారే తెలుగు కుటుంబాలకు ఇంతకన్నా ఏం కావాలి?

బొమ్మ నాణ్యత మాటేమిటని అడగవచ్చు. ఖరీదైన ప్లేయరులో బొమ్మ మెరుగ్గా ఉండేదన్నది నిజం. ఆ మెరుగు కనబడాలంటే దానికి తగ్గ టీవీ కావాలి. 21 అంగుళాల పిక్చర్ ట్యూబు టీవీకి పసుపు రంగు పిన్ను వైరుతో కలిపాక ఆ తేడా చాలామటుకు వైరులోనే కరిగిపోతుంది. వీసీడీకీ డీవీడీకీ ఉన్న తేడా మాత్రం ఆ టీవీలోనూ కంటికి ఆనుతుంది, ఎందుకంటే డీవీడీ బొమ్మలో దాదాపు నాలుగు రెట్లు చుక్కలున్నాయి. అంటే చవక సెట్టు కొన్నవాడికి అసలు లాభం దక్కింది, దక్కనిది కొసరే. పెద్ద తెర, హోమ్ థియేటరు ఉన్నవాళ్ల లెక్క వేరు. వాళ్లకు ఖరీదైన సెట్టే గిట్టుబాటు.

ఇదంతా దొంగ డిస్కుల కోసమేగా అన్న ఆక్షేపణ ఇంకా గట్టిది. ఒకే డిస్కులో ఐదారు సినిమాలు కుక్కి అమ్మిన వ్యాపారానికి ఈ పెట్టెలు ఊతమిచ్చాయి, దాన్ని కాదనలేం. అయితే పెళ్లి సీడీ దొంగది కాదు, అమెరికాలో డబ్బిచ్చి కొన్న డిస్కూ దొంగది కాదు. వాటినీ నిరాకరించింది ఖరీదైన పెట్టే. పైగా 2007లో డిస్కుల తయారీ కంపెనీ మోజర్ బేర్ వీసీడీని 28 రూపాయలకూ, డీవీడీని 34 రూపాయలకూ అమ్మకానికి పెట్టింది. వందల్లో ఉన్న అసలు డిస్కు ధర ఒక్కసారిగా నేలకు దిగింది. ఇళ్లలో చవక ప్లేయర్లు లేకపోతే ఆ ధరకు డిస్కులు అమ్మి గిట్టించుకుందామన్న ఆలోచనకే తావుండదు.

త్వరగా పాడవుతాయన్న ఫిర్యాదులోనూ నిజం ఉంది. పవర్ సప్లై కాలిపోయేది, లెన్సు మసకబారేది. కానీ చవక సెట్లలో వాడిన లెన్సు యూనిట్లు కొద్ది రకాలే కావడంతో ఒకదానికి సరిపోయింది పది సెట్లకు సరిపోయేది. వీధి చివర మెకానిక్కు దగ్గరే పని అయిపోయేది. కాబట్టి మన్నికను ఎన్నేళ్లు నడిచిందన్న అంకెతోనే కొలవకూడదు, బాగుచేయించడానికి ఎంతయిందన్నదీ కలుపుకోవాలి.

డీవీడీ చిప్పులతో ఎదిగిన మీడియాటెక్ తర్వాత చవక సెల్‌ఫోన్ల చిప్పుల్లోకి దిగి అదే పద్ధతి నడిపింది. రెండు సిమ్‌లు, మెమరీ కార్డు, పాటలు, వీడియోలు అన్నీ ఆడే ఫోన్లు ఊరూరా నిండాయి. ప్రమాణాలు రాసేవాళ్లు తమ మార్కెట్టును చూసుకుని రాస్తారు. చవక వస్తువు ఆ ప్రమాణాలకూ కొనేవాడి ఇంటికీ మధ్య మిగిలిన ఖాళీని పూడ్చుకుంటూ అమ్ముడవుతుంది. ప్లేయరు కొనడానికి గీతలు పడ్డ పాత డిస్కును వెంటబెట్టుకుపోయి, దుకాణంలోనే వేయించి చూసుకున్న మనిషి ఏ పత్రికా సలహా చదవకుండానే సరైన పరీక్ష పెట్టాడు. కంపెనీ రాసుకున్న గుణాల పట్టికతో కాకుండా తన ఇంటి అవసరంతో వస్తువును తూచాడు.