జీలుగు కల్లు: మన్యపు మధువు

ఇటలీ దేశపు ఉత్తరభాగమున, పీడ్‌మాంట్ కొండలలో నెబ్బియోలో అను ద్రాక్ష పండును. దానినుండి తీయు బరోలో అను ఎఱ్ఱని ద్రాక్షసారాను 38 నెలలైన నిలువ చేయనిదే అమ్మరాదని అచటి నిబంధన. విశాఖపట్నము రేవును విడిచి పడమటి ఘాటీలెక్కినచో, పాడేరు, చింతపల్లి కొండలలో మరియొక మధువు కలదు. దాని వయస్సును గంటలలో లెక్కింపవలెను. ఉదయము దింపిన జీలుగు కల్లు తియ్యగా నుండును, మధ్యాహ్నమునకు ఘాటెక్కును, మఱునాటికి పులిసిపోవును. సీసాల కెక్కి దూరదేశములకు పోజాలదు గనుకనే దీని పేరు కొండ దిగలేదు.

జీలుగు తాటి కుటుంబమునకు చెందిన చెట్టు. ఆకుల చివరలు చేప తోకవలె చీలియుండుటచే దీనిని సులభముగా గుర్తింపవచ్చును. శాస్త్రజ్ఞులు కారియోటా యూరెన్స్ అందురు. ‘యూరెన్స్’ అనగా మండించునది. కాయ గుజ్జులో సూదులవంటి కాల్షియం ఆక్సలేటు స్ఫటికములుండి చర్మమునకు దురద పుట్టించును, పేరు తగినదే. ఈ చెట్టు పెక్కేండ్లు ఊరక పెరిగి, పిదప తలనుండి మొదటికి ఒక్కొక్క గెలయే వేయుచు కొన్ని సంవత్సరములు పూచి, చివరి గెలతో చనిపోవును. లేత గెల కొనను దినదినము చెక్కి, క్రింద కుండ కట్టిన యెడల రసము కారును. బాగుగా పారు చెట్టు రోజుకు 20 లీటర్లకు మించి యిచ్చుట కలదు. మొద్దులోని చేవనుండి తీసిన పిండి కరవుకాలమున గిరిజనులకు ఆహారము.

రసములోని చక్కెరను గాలిలోను, కుండలోను ఉన్న ఈస్టు సూక్ష్మజీవులు ఆల్కహాలుగా మార్చును. ఈ పని జీవులదేనని 1857 మొదలు పాశ్చరు నిరూపించెను. కుండ లోపల సున్నము పూసినచో ఈస్టు పెరుగదు, రసము నీరాగా నిలుచును. తరువాత ఆమ్లజనక బాక్టీరియా చేరి కల్లును పులుపెక్కించును.

ఇంత సామాన్యమైన పానీయముపై పన్ను విధించుట యెంత ప్రమాదకరమో రంప చరిత్ర చెప్పును. కొండవారు తమ చెట్ల కల్లును తాము ఉచితముగా గీసికొనుచుండిరి. రంప మన్సబుదారు ‘చిగురుపన్ను’ పేర దానిపై వసూలు మొదలిడెను. ఆపైన 1870ల దశకములో బ్రిటిషు ప్రభుత్వపు అబ్కారీ నిబంధనలు ఇంటి వాడుకకు సైతము కల్లు గీయరాదని నిషేధించి, హక్కును పల్లపు గుత్తదారులకు పాడియిచ్చెను. గుత్తదారుడు అడిగినది ఒకటి, మన్సబుదారుడు అడిగినది మరియొకటి. అడవిలో కల్లు సరుకు కాదు. పండుగకు, పెండ్లికి, తగవు తీర్పుకు వలసిన వస్తువు. దొరతనమునకు ఈ సంగతి తెలియకపోవుట వింతయే.

1879 మార్చిలో చోడవరపు ప్రాంతమున పోలీసులపై దాడులు మొదలాయెను. ముఠాదారులును చేరిరి. కొలది వారములలో తిరుగుబాటు విశాఖపట్టణము జిల్లాలోని గొలుగొండ కొండలకు, పిమ్మట రేకపల్లికి ప్రాకినది. ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్ రెడ్డి, తమ్మన్నదొర నాయకులైరి. మద్రాసు పదాతి దళములు, అశ్వికులు, హైదరాబాదు కంటింజెంటు సైన్యము వచ్చినను దానిని అణచుటకు 1880 సంవత్సరము పట్టినది. దీనికి అబ్కారీ ఒక్కటే కారణమనుట సరికాదు. వడ్డీ వ్యాపారుల దావాలు, పోలీసుల దౌర్జన్యము కూడ కలవు. కాని మన్సబుదారును తొలగించి, చిగురుపన్నును ఎత్తివేయుటనుబట్టి దాని బరువు తెలియును.

1922లో అదే మన్యమున తిరుగుబాటు లేవదీసిన అల్లూరి సీతారామరాజు, అంతకు ముందు ఊరూర తిరిగి కల్లు మానుడని గిరిజనులకు బోధించుచుండెను. 2022లో పాడేరు కేంద్రముగా ఆయన పేర జిల్లా ఏర్పడినది. ఆ కొండలలో జీలుగు గెలలకు కుండలు నేటికిని కట్టుచునే యున్నారు.