రాతి కోటలు వద్దన్న నేలపై టోమ్ బ్రోక్ వంశం

మధ్యయుగ ఐరోపాలో అధికభాగం రాజులకూ సామంతులకూ లోబడి ఉండగా, ఉత్తర సముద్ర తీరాన, నేటి జర్మనీ వాయవ్య మూలనున్న తూర్పు ఫ్రీసియా మాత్రం ఏ ప్రభువుకూ తలవంచక, ఏటా ఎన్నికయ్యే ‘రెద్యెవా’లనే న్యాయాధికారుల ద్వారా తన వ్యవహారాలను తానే చక్కబెట్టుకునేది. అక్కడి బ్రోక్‌మెర్‌లాండ్ అనే చిత్తడి ప్రాంతపు రైతులు 13వ శతాబ్దిలో రాసుకున్న ‘బ్రోక్‌మెర్‌బ్రీఫ్’ అనే ధర్మశాసనం, చర్చిలు, మఠాలు మినహా ఎవరూ ఎత్తైన రాతి కట్టడాలు కట్టరాదని నిషేధించింది. గట్టి గోడల చాటున ఉన్నవాడు తీర్పును ధిక్కరించగలడనీ, క్రమంగా ఇరుగుపొరుగుపై పెత్తనానికి దిగుతాడనీ వారు ముందే పసిగట్టారనడానికి ఈ ఒక్క నిబంధన చాలు.

14వ శతాబ్దిలో ప్లేగు మహమ్మారి, 1362 నాటి ఘోరమైన సముద్రపు ఉప్పెన ఆ గ్రామ వ్యవస్థను దెబ్బతీయడంతో, ‘హోవెట్లింగ్’లనే స్థానిక నాయకులు బలపడ్డారు. వారిలో ప్రముఖులైన టోమ్ బ్రోక్‌లు అదే బ్రోక్‌మెర్‌లాండ్‌లో, ఓల్డెబోర్గ్ కోట నుంచి ఏలారు. నేపుల్స్ రాణి జొవాన్నా కొలువులో నైట్ బిరుదు పొంది తిరిగివచ్చిన మొదటి ఓకో, 1381లో తన భూములను హాలండ్ పాలకుడైన ఆల్బర్ట్‌కు సమర్పించి, సామంతుడిగా మళ్లీ స్వీకరించాడు. పరాయి ప్రభువు అండతో సొంతవారిపై ఆధిపత్యం కోరిన ఈ చర్య ఫ్రీసియన్ల స్వేచ్ఛా సంప్రదాయానికి గొడ్డలిపెట్టు. ఓకో చివరకు ఔరిష్‌లో హత్యకు గురయ్యాడు. అతని భార్య ఫోల్కేకు తర్వాతి చరిత్రకారులు ‘దుష్ట ఫోల్కే’ అని పేరు పెట్టారు. అధికారం చేపట్టిన స్త్రీపై ఆ కాలానికి ఉన్న అక్కసును ఈ పేరులో చూడకుండా ఉండలేము.

ఓకో, ఫోల్కేల కుమారుడు రెండవ కేనో, బాల్టిక్ నుంచి తరిమివేయబడిన ‘విటాలియన్లు’ అనే సముద్రపు దొంగలకు ఆశ్రయమిచ్చి, వర్తక నగరాల కూటమియైన హాన్సా ఆగ్రహానికి గురైనా, 1413లో ఎమ్డెన్ రేవును వశపరచుకున్నాడు. అతని కొడుకు రెండవ ఓకో మాత్రం తండ్రి హయాం నుంచీ మిత్రుడైన ఫోకో ఉకేనాను శత్రువుగా మార్చుకుని, 1427లో ‘వైల్డ్ ఆకర్స్’ యుద్ధంలో ఉకేనాకే బందీ అయ్యాడు. 1435లో ఓకో మరణంతో టోమ్ బ్రోక్‌ల పురుష సంతతి అంతరించింది. అయితే ఉకేనా ఆధిపత్యమూ నిలవలేదు. 1430లో స్వేచ్ఛ పేరిట ఏకమైన కూటమి అతన్ని కూలదోసింది. ఆ కూటమికి నాయకత్వం వహించిన సిర్క్‌సేనా కుటుంబానికే 1464లో చక్రవర్తి మూడవ ఫ్రెడరిక్ కౌంట్ హోదా ప్రసాదించగా, వారి ఏలుబడి 1744 వరకు సాగింది.