బ్యాటరీకి జ్ఞాపకశక్తి ఉన్నదా?

సెల్‌ఫోను కొన్నవారికి ఇప్పటికీ ఎవరో ఒకరు చెప్పే హితవు ఒకటున్నది: "బ్యాటరీ పూర్తిగా అయిపోయాకే చార్జింగు పెట్టాలి" అని. ఈ మాట వట్టి పుకారు కాదు, ఒకప్పటి సత్యమే. అయితే అది ఏ బ్యాటరీ కోసం పుట్టినదో ఆ బ్యాటరీ మన జేబులలో నుండి వెళ్లిపోయినది, మాట మాత్రం నిలిచినది.

ముందుగా పేరు సంగతి. ఆంగ్లంలో 'బ్యాటరీ' అంటే ఫిరంగుల వరుస. విద్యుత్తును నిలువచేసే గాజుజాడీలను వరుసగా కలిపి 1749లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ వాటికి ఆ పేరు పెట్టాడు. మన పాఠ్యపుస్తకాలలోని 'ఘటమాల'లోనూ ఆ వరుస భావమే ఉన్నది.

1800లో వోల్టా ప్రకటించిన ఘటమాల ఒకసారి అయిపోతే అంతే. 1859లో ఫ్రాన్సు దేశీయుడు గాస్టన్ ప్లాంటే సీసపు రేకులను గంధకామ్లంలో ఉంచి, విద్యుత్తును ఎదురు నడిపి ఘటాన్ని మళ్లీ నింపవచ్చునని చూపాడు. నేటి ఇన్వర్టర్లలో ఆ వంశమే ఇంకా ఉన్నది. 1899లో స్వీడను దేశీయుడు వాల్డెమార్ యుంగ్నర్ నికెల్-కాడ్మియం ఘటాన్ని నిర్మించాడు. తరువాతి కాలంలో కార్డ్‌లెస్ ఫోన్లు, వీడియో కెమెరాలు, తొలినాటి సెల్‌ఫోన్లు దీనితోనే నడిచాయి.

మన హితవు పుట్టినిల్లు ఇదే. ప్రతిసారీ ఒకే మట్టం వరకు వాడి తిరిగి నింపుతూ పోతే, ఈ ఘటం ఆ మట్టానికి రాగానే వోల్టేజి తగ్గించి చతికిలబడేది. ఉపగ్రహాలలో వాడిన ఘటాలలో ఇది గమనింపబడినది. ఆ మట్టాన్ని గుర్తుపెట్టుకున్నట్లు తోచడం వలన దీనికి 'మెమరీ' అని పేరు వచ్చినది. అప్పుడప్పుడు పూర్తిగా ఖాళీ చేసి నింపితే ఆ దోషం తొలగేది.

1991లో సోనీ సంస్థ లిథియం-అయాన్ ఘటాన్ని విపణికి తెచ్చినది. దీనికి పునాది వేసిన విటింగ్‌హామ్, గుడెనఫ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతి లభించినది. అప్పటికి గుడెనఫ్ వయస్సు 97 ఏండ్లు!

ఈ ఘటానికి ఆ జ్ఞాపకపు జబ్బు చెప్పుకోదగినంత లేదు. దీని శత్రువులు వేరు: వేడి, నిరంతరం నిండుగా ఉండడం, అడుగంటడం. తెరపై సున్నా కనిపించినా లోపల కొంత మిగిలేట్లు రక్షణ వలయం ఫోనును ముందే ఆపివేస్తుంది. కాని ఆ స్థితిలో నెలల తరబడి పడవేస్తే మిగిలినదీ తరిగి, లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. అటువంటి ఘటాన్ని మళ్లీ నింపడం ప్రమాదకరం.

కనుక నేటి ఘటాన్ని ఇరవై, ఎనభై శాతాల నడుమ ఉంచడం మేలు. వాడని పరికరాన్ని సగం నింపి చల్లని చోట పెట్టాలి. ఎండలో నిలిపిన కారులోనో, తలగడ క్రిందనో ఫోను ఉంచరాదు. ఉబ్బిన బ్యాటరీని గుచ్చరాదు, నొక్కరాదు, చెత్తకుండీలో వేయరాదు. వాడకం ఆపి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు సేకరించేవారికి అప్పగించాలి.

వ్యాకరణంలో అధికార సూత్రానికి ఒక ఎల్ల ఉంటుంది. ఆ ఎల్ల దాటించి అన్వయిస్తే తప్పు సూత్రానిది కాదు, అన్వయించినవారిది. పెద్దల హితవుకూ అంతే. అది ఏ ఘటానికి చెప్పినదో అడిగి తెలుసుకొని పాటించడమే ఆ పెద్దలకు మనమిచ్చే గౌరవం.