ఉపాధ్యాయ శిక్షణా కార్యక్రమాల మూల్యాంకనం

'''ఉపాధ్యాయ శిక్షణా కార్యక్రమాల మూల్యాంకనం''' అనగా, ఉద్యోగంలో ఉన్న ఉపాధ్యాయులకు ఇచ్చే వృత్యంతర శిక్షణ వలన బోధనలోను, విద్యార్థుల అభ్యసనలోను ఎంత మార్పు వచ్చిందో క్రమపద్ధతిలో అంచనా వేయడం. శిక్షణకు ఎందరు హాజరయ్యారు, ఎన్ని రోజులు జరిగింది, ఎంత ఖర్చయింది అనే లెక్కలు మూల్యాంకనంలో ఒక భాగం మాత్రమే. శిక్షణ పొందిన ఉపాధ్యాయుని తరగతిలోని పిల్లవాడు ఇంతకుముందు కన్నా బాగా చదవగలుగుతున్నాడా అన్నది దీని ముఖ్య ప్రశ్న.

==అవసరం==
భారతదేశంలో 1986 జాతీయ విద్యా విధానం తరువాత జిల్లా విద్యా శిక్షణ సంస్థలు ఏర్పడ్డాయి. ఉమ్మడి నల్గొండ జిల్లాకు ఇటువంటి సంస్థ నల్గొండలో ఉంది. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో సూర్యాపేట, కోదాడ ప్రాంతాలు సూర్యాపేట జిల్లాలో చేరగా, మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనే ఉండిపోయింది.

2019లో కేంద్ర ప్రభుత్వం నిష్ఠ అనే పేరుతో దేశవ్యాప్త శిక్షణ ప్రారంభించింది. ప్రతి ఉపాధ్యాయుడు సంవత్సరానికి కనీసం 50 గంటలు వృత్తి అభివృద్ధి కార్యక్రమాలలో పాల్గొనాలని 2020 జాతీయ విద్యా విధానం సూచించింది. ఉపాధ్యాయుడు శిక్షణకు వెళ్ళిన రోజున అతని తరగతికి బోధన ఉండదు; ఏకోపాధ్యాయ పాఠశాలలో ఆ రోజు బడి నడవడమే కష్టమవుతుంది. కనుక శిక్షణ వలన కలిగే మేలు, పిల్లలు కోల్పోయిన బోధనా దినాల కన్నా ఎక్కువగా ఉండాలి.

==మూల్యాంకన స్థాయిలు==
అమెరికాకు చెందిన డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో శిక్షణల మూల్యాంకనానికి నాలుగు మెట్లను సూచించాడు. థామస్ గస్కీ 2000లో ప్రచురించిన గ్రంథంలో ఉపాధ్యాయ శిక్షణకు తగినట్లుగా అయిదు స్థాయిలను వివరించాడు. అవి:

# '''ప్రతిస్పందన''': శిక్షణ ఉపాధ్యాయులకు నచ్చిందా, ఉపయోగకరంగా తోచిందా.
# '''అభ్యసన''': ఉపాధ్యాయులు కొత్త విషయజ్ఞానం, నైపుణ్యాలు నేర్చుకున్నారా.
# '''సంస్థాగత సహకారం''': పాఠశాల, ప్రధానోపాధ్యాయుడు, అధికారుల నుండి తగిన సహకారం లభించిందా.
# '''వినియోగం''': నేర్చుకున్నదానిని తరగతి గదిలో వాడుతున్నారా.
# '''విద్యార్థుల ఫలితాలు''': పిల్లల సామర్థ్యాలు పెరిగాయా.

శిక్షణ చివరి రోజున నింపించే అభిప్రాయ పత్రం మొదటి స్థాయికి మాత్రమే పనికివస్తుంది. భోజన వసతి, రిసోర్సు పర్సన్ మాటతీరు బాగుంటే ఆ పత్రంలో మంచి మార్కులే పడతాయి. మూడవ స్థాయిని విస్మరించడం మరొక సామాన్యమైన పొరపాటు. ఒకే గదిలో రెండు మూడు తరగతులు నడిపే ఉపాధ్యాయుడు నేర్చుకున్న పద్ధతిని అమలు చేయలేకపోతే, లోపం శిక్షణలోనే ఉన్నదని చెప్పడానికి వీలులేదు.

==పోలిక అవసరం==
శిక్షణ తరువాత మార్కులు పెరిగినంత మాత్రాన అది శిక్షణ ఫలితమే అనలేము. ఉదాహరణకు, శిక్షణ పొందిన ఉపాధ్యాయుల పాఠశాలలలో సగటు మార్కులు 40 నుండి 52కు పెరిగాయనుకుందాం. అదే కాలంలో శిక్షణ పొందని పాఠశాలలలో 40 నుండి 49కి పెరిగితే, శిక్షణకు ఆపాదించదగినది 12 మార్కులు కాదు, 3 మాత్రమే. అది కూడా రెండు రకాల పాఠశాలలు మొదట ఒకే విధంగా ఉన్నప్పుడే చెల్లుతుంది. అందుచేత పాఠశాలలను లాటరీ పద్ధతిలో ఎంపిక చేయడం మేలైన మార్గంగా భావిస్తారు.

==ఆంధ్రప్రదేశ్ అనుభవం==
===ప్రాథమిక విద్యా పథకం===
బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో 1980లలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం (ఆపెప్) ఈ రంగంలో ముఖ్యమైన ఉదాహరణ. స్వయంగా చేసి నేర్చుకోవడం, వ్యక్తిగత, జట్టు, తరగతి పనులు, స్థానిక పరిసరాల వినియోగం, పిల్లలు చేసిన వాటిని గదిలో ప్రదర్శించడం వంటి ఆరు సూత్రాలపై ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఉపాధ్యాయ కేంద్రాల సమావేశాలు దీనికి కొనసాగింపుగా జరిగేవి. ఇంత పెద్ద పథకాన్ని మూల్యాంకనం చేయడంలో రూపకల్పన, విశ్లేషణల పరంగా ఎదురైన సమస్యలను కోలిన్ లేసీ, బారీ కూపర్, హ్యారీ టోరెన్స్ 1993లో ఒక పరిశోధనా వ్యాసంలో చర్చించారు.

===యాదృచ్ఛిక ప్రయోగాలు===
రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు సహకారంతో 2005 నుండి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన అధ్యయనాలను కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ విశ్లేషించారు. ఒక ప్రయోగంలో విద్యార్థుల లోపాలను తెలిపే పరీక్షా ఫలితాలను ఉపాధ్యాయులకు అందించి, తరగతులను పరిశీలించారు. ఇది పూర్తి స్థాయి శిక్షణ కాకపోయినా, దీని ఫలితం శిక్షణల మూల్యాంకనానికి ఎంతో ఉపయోగపడుతుంది. పరిశీలకులు ఉన్నప్పుడు ఈ ఉపాధ్యాయులు ఎక్కువ శ్రద్ధతో బోధించారు. కాని పిల్లల మార్కులలో ఇతర పాఠశాలలతో పోలిస్తే తేడా కనిపించలేదు. 2010లో ప్రచురితమైన ఈ ఫలితం, తరగతి పరిశీలనపైనే ఆధారపడే మూల్యాంకనం తప్పుదారి పట్టించవచ్చునని తెలుపుతుంది.

==స్థానిక పరిస్థితులు==
తెలంగాణలో 2022 ఆగస్టు 15న 1 నుండి 5 తరగతులకు '''తొలిమెట్టు''' కార్యక్రమం ప్రారంభమైంది. చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు దీని ప్రధాన లక్ష్యాలు. ఇటువంటి కార్యక్రమ ఫలితాన్ని మిర్యాలగూడ ప్రాంతంలో అంచనా వేసేటప్పుడు కొన్ని విషయాలను గమనించాలి. దామరచర్ల, మఠంపల్లి వంటి మండలాలలోని తండాలలో పిల్లల ఇంటి భాష లంబాడీ. తెలుగు అప్పుడే నేర్చుకుంటున్న పిల్లవానిని, పట్టణంలో తెలుగు మాట్లాడే ఇంటి పిల్లవానిని ఒకే పరీక్షతో కొలిచి, ఆ తేడాను ఉపాధ్యాయునికి ఆపాదించడం న్యాయం కాదు. అందుకే పిల్లవాడు చేరిన స్థాయి కన్నా, బయలుదేరిన చోటు నుండి ఎంత ముందుకు వచ్చాడో చూడాలి. దీనికి శిక్షణకు ముందే ప్రారంభ పరీక్ష నిర్వహించడం తప్పనిసరి.

==పరిమితులు==
* రాష్ట్ర, జిల్లా, మండల స్థాయిలలో ఒకరి నుండి ఒకరికి అందే శిక్షణలో, ఏ మెట్టు వద్ద విషయం పలచబడిందో విడిగా పరిశీలించాలి.
* ఫలితం కనబడడానికి సమయం పడుతుంది. నెల రోజులలో తీసిన ముగింపు నమ్మదగినది కాదు.
* ఫలితాల ఆధారంగా ఉపాధ్యాయులపై చర్యలు ఉంటాయనే భయం ఉంటే, పరీక్షల వివరాలు నిజాయితీగా నమోదు కాకపోవచ్చు.

==ఇవి కూడా చూడండి==
* జిల్లా విద్యా శిక్షణ సంస్థ
* జాతీయ విద్యా విధానం 2020
* నల్గొండ జిల్లా
* సూర్యాపేట జిల్లా